సూది మార్చాలి

కుర్చీ గోడవైపుకి తిప్పి ఉంది. ఈ షాపులో పద్ధతే అంతట, వినడానికొచ్చినవాళ్ళు గోడని చూస్తూ కూర్చోవాలి, వెనకాల రికార్డు తిప్పే టర్న్‌టేబుల్‌కి ఏ కార్ట్రిడ్జ్ బిగిస్తున్నారో చూడకూడదు, చూస్తే కళ్ళే బేరం కుదిర్చేసుకుంటాయి, ఇక చెవులు వెంటతెచ్చుకోవడం దేనికి అంటుంది షాపావిడ. సరే అన్నాడాయన. సరే అనక ఏం చేస్తాడు, పొద్దున్నించీ ఫ్యాక్టరీ స్టోరు కౌంటరు వెనకాల నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయి, ఏ దిక్కుకి తిప్పితే ఏంటి, కూర్చోమన్నారు, అదే పదివేలు. గోడకి బూడిదరంగు గుడ్డ అతికించారు, చప్పుడు తిరిగి మీదకి రాకుండా కాబోలు, ఓ మూల జిగురు ఊడిపోయి గుడ్డ చెవిలా వేలాడుతోంది. పక్కన స్టూలు మీద భార్య, ఒళ్ళో సంచీ. ఆవిడకి గోడ శిక్ష లేదు, కొనేది ఆయన కదా. నాకు సంగీతం ఏం తెలుసని, నేనెటు చూస్తే ఏంటి అంటూ ముందే చెప్పేసి పక్కకి తిరిగి కూర్చుంది, షాపావిడ చేతులు చూస్తోంది. కర్టెన్ గుడ్డ కొనాలని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది పాపం, తీరా ఈయన ముందు సూది పని చూసుకుందాం అన్నాడు, సరే పదండి అంది. ఈమధ్య ఆవిడ అన్నిటికీ సరే అంటోంది. లేక ఇంకేదన్నా అంటోందో, ఈయనకి సరే అనిపిస్తోందో.

రికార్డు గాడిలో నడిచే సూదీ, ఆ సూది వణుకుని పాటగా మార్చి పంపే బుల్లి డబ్బా, రెండూ కలిపి కార్ట్రిడ్జ్. బొటనవేలి గోరంత. దానికోసం ఏడాదిగా చేయని పని లేదు. పాటలో ఏదో పోయింది. ఏం పోయిందో కూడా చెప్పగలడు, అదే బాధ. ఇంట్లో ఉన్న ఓ పాత రికార్డులో రెండో చరణం మొదలయ్యే ముందు వయొలిన్ వాయించేవాడు కమాను తీగమీద ఆనిస్తాడు, ఇంకా వాయించడు, ఉత్తినే ఆనిస్తాడు, చిన్న గీకు, గోరుతో కాగితం మీద గీసినట్టు. పాట రాసినవాడు రాసింది కాదు అది, పాడినావిడకి తెలిసింది కాదు, ఆ గదిలో ఆరోజు జరిగిపోయిందంతే. పెళ్ళి కాకముందునుంచీ ఆ గీకు కోసం ఆగి వినేవాడు, పాటకన్నా అదే ఎక్కువ ఇష్టమేమో. అది పోయింది. ముందు రికార్డు మీద దుమ్మనుకున్నాడు, దానికి స్నానాలు చేయించాడు, మెత్తటి గుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచాడు. తర్వాత వైర్లన్నాడు, మార్చాడు. తర్వాత స్పీకర్లు, వాటిని గోడకి దూరం జరిపాడు, దగ్గరికి జరిపాడు, సోఫా తీసుకెళ్ళి తలుపుకి అడ్డం వేశాడు, ఇంట్లోవాళ్ళు నెలరోజులు పక్కకి తిరిగి నడిచారు. ఇక మిగిలింది సూదే. ఎవరి మీదన్నా నింద వేయాలి కదా మరి. వివరంగా వినిపించేది కావాలండీ, పొల్లు పోకూడదు అని చెప్పాడు షాపులోకి రాగానే, ఆవిడ తలూపి ఇంట్లో వాడుతున్నది ఇలా ఇవ్వండి అని చెయ్యి చాపింది, జేబులోంచి తీసి ఇచ్చాడు, రుమాల్లో చుట్టి తెచ్చాడు పళ్ళు కట్టించుకోబోయేవాడు ఊడిన పన్ను తెచ్చినట్టు. ఆ రికార్డూ పొద్దునే వెంట తెచ్చుకున్నాడు, దాన్నీ ఇచ్చాడు.

"ఇది ఒకటి," అంది వెనకనుంచి షాపావిడ, సూది దించింది. ముందు చిటపటలు రావాలి. వచ్చాయేమో. పాట వచ్చింది, మెత్తగా, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూయకూడదు, మూస్తే నిద్రొస్తుంది, లేకపోతే చక్రం కనిపిస్తుంది. చక్రమే కనిపించింది. అది గుర్తురాకూడదనే కదా కర్టెన్ల షాపుకి కాకుండా ఇక్కడికొచ్చింది, ఇక్కడైతే చెవులకి పనుంటుంది, బుర్రకి ఉండదు అనుకున్నాడు. బూడిదరంగు చక్రం, ఈ గోడ గుడ్డ రంగే, ఖర్మ. గ్రైండింగ్ చక్రం. ఇనుప ముక్కల్ని నున్నగా అరగదీసే రాయి, చూడ్డానికి తిరగలి రాయంత అమాయకంగా ఉంటుంది, యంత్రానికెక్కి తిరిగిందంటే మనిషి కంటికి ఆనదు. దాన్లో వెంట్రుకంత పగులుండి ఎవరూ చూసుకోలేదో, తిరిగే వేగానికి ముక్కలై పేలుతుంది, పైన ఇనుప తొడుగుంటుంది నిజమే, అన్ని ముక్కల్నీ అదొక్కటే ఆపుతుందని ఎవరూ రాసివ్వరు. అందుకే స్టోరులోంచి బయటికిచ్చే ముందు ప్రతి చక్రాన్నీ వేలికి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుదగ్గర కొట్టి వినాలి. మంచిదైతే కంగుమంటుంది, లోపల్నుంచి, తేటగా, కాసేపు నిలుస్తుంది. పగిలిందైతే టప్‌మంటుంది, అంతే, చచ్చిన చప్పుడు. విన్నాక సుద్దతో ఓ గీత. ఆ గీత ఉంటే ఎవడూ ఇంకేం అడగడు, ఎత్తుకెళ్ళి బిగించేస్తాడు. ఆ గీత గీసేది ఈయనే. ఫ్యాక్టరీ మొత్తం ఈయన్ని చెవులాయన అంటారు. చెవులాయన చూశాడా? చూశాడు. అయితే ఇంకేం.

ఇవాళ పొద్దున పెట్టె దింపుతుంటే లారీ మీంచి జారింది. పెద్ద ఎత్తేం కాదన్నాడు డ్రైవరు, గడ్డి ఉంది కదండీ లోపల అన్నాడు. ఆ పెట్టెలోదే. వేలికి వేలాడదీశాడు, కొట్టాడు. టప్. తిప్పి ఇంకోవైపు కొట్టాడు. టప్. ఇదేంటబ్బా అనుకుని పక్కన పాతది, మంచిదని తెలిసిందే, దాన్ని తీసి కొట్టాడు. అదీ టప్. అదీ ఇదీ ఒకటే. ఏడాదిగా అన్నీ ఒకటే. గాల్లో తేమండీ, తడి పీల్చుకున్న చక్రం మోగదు, నిజమే అది, పాత స్టోర్‌మాస్టారు కూడా చెప్పేవాడు, తడిస్తే మోగదురా అబ్బాయ్, ఆరబెట్టి కొట్టు అని. ఏడాది పొడుగునా తేమేనా? ఏమో, షెడ్డు పాతది, రేకులు కారతాయి. మరి దీన్ని వద్దని పక్కన పెడితే అన్నిట్నీ పక్కన పెట్టాలి, అన్నీ పక్కన పెడితే అదేంటయ్యా నీకేమైంది అంటారు, అంటే ఏం చెప్తాడు. కళ్ళతో చూశాడు, వేలితో అంచంతా తడిమాడు, పగులు తగల్లేదు. ఏడాదిగా అలాగే నెట్టుకొస్తున్నాడు, కంటితో, వేలితో. గీత గీశాడు. అప్పుడొచ్చాడు బామ్మర్ది, భార్య తమ్ముడు, రెండో షిఫ్టు వాడు, గ్రైండరు వాడిదే. వాడికేం తొందరో, షిఫ్టుకి ముందే వచ్చి కౌంటరు మీద మోచేతులానించి, బావా నా చక్రం అరిగిపోయింది, కొత్తదియ్యి, టీ బ్రేక్ అయ్యాక ఎక్కిస్తా అన్నాడు. ఇచ్చాడు. చేతికే ఇచ్చాడు. చూశావుగా బావా అని కూడా అడగలేదు వాడు, ఎందుకడుగుతాడు, గీత ఉంది కదా. ఇప్పుడు వాడు టీ తాగుతుంటాడు. తాగేసి ఉంటాడా.

"ఇది రెండు." సూది పడింది. ఆయన ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. ఇదిగో, ఇది వేరు, ఇది తెలుస్తోంది, పాడే ఆవిడ గొంతు ఎక్కడుండాలో అక్కడుంది, తబలా పక్కన ఉంది, ఇంతకుముందు ఎందుకో అంతా కొత్త ఇంట్లో సామాన్లలా చెల్లాచెదరుగా ఉంది, ఇది సర్దుకుంది. హమ్మయ్య అనిపించింది. చూశావా, సూదే, సూదిదే తప్పు. ఆ హమ్మయ్యలోనే ఏడుపు కూడా వచ్చేలా ఉంది, అలసటకి ఏడుపు తొందరగా వస్తుంది. రెండో చరణం దగ్గరికి వస్తోంది, గీకు రావాలి, రావాలి, వచ్చింది. వచ్చిందా? అక్కడ రావాలని తెలుసు కాబట్టి వచ్చిందేమో. వచ్చిందనే అనుకున్నాడు. భార్య మెట్లెక్కుతుంటే తాళాల గుత్తి చప్పుడు కింది అంతస్తునుంచే వినేవాడు ఒకప్పుడు, తలుపు ముందే తీసి నిలబడేవాడు, ఆవిడ ప్రతిసారీ ఉలిక్కిపడి, మీరు మనిషేనా, పిల్లా అనేది. ఆ మాట అని ఎన్నాళ్ళయింది. ఇప్పుడు తాళం ఆవిడే తీసుకుంటోంది, వచ్చి ఎదురుగా నిలబడితే అప్పుడు, అరే వచ్చావా అంటాడు. ఎప్పుడు మొదలైంది ఇదంతా? స్టోరు పక్కన ఆ కొత్త కంప్రెసర్ పెట్టినప్పుడా? రోజంతా గోల, ఫ్యాక్టరీలో అందరికీ చెవుల్లో పెట్టుకునే నురుగు బిరడాలిచ్చారు, పసుప్పచ్చవి, అందరూ పెట్టుకున్నారు, ఈయన పెట్టుకోలేదు. నేనెలా పెట్టుకుంటానయ్యా, నా పనే వినడం, వడ్రంగి చేతులు కట్టేసుకుని పనిచేస్తాడా అన్నాడు, అందరూ నవ్వారు, నిజమే చెవులాయనకి అక్కర్లేదన్నారు. ఎంత గొప్పగా అన్నాడో ఆ మాట.

మూడోది పెట్టింది షాపావిడ. ఇక ఇది వినక్కర్లేదని చెబుదామనుకున్నాడు, రెండోదే ఖాయం, బిల్లు రాసేయండి, త్వరగా బయటపడితే ఫ్యాక్టరీ గేటు ముందునుంచి వెళ్ళొచ్చు, వెళ్ళి ఏం చేస్తాడు, ఊరికే, వాడు షిఫ్టులో ఎలా ఉన్నాడో చూసి. నోరు తెరిచేలోపు పాట మొదలైపోయింది. మళ్ళీ దుప్పటి. పేరుకి ఖరీదైనదే అయ్యుంటుంది ఇది, ఇలాంటివే ఖరీదు ఉంటాయి. పాట దారిన పాట పోతోంది, ఈయన గోడమూల ఊడిన గుడ్డని చూస్తూ, దానికింత జిగురు పెడితే సరిపోయేదానికి ఎందుకలా వదిలేశారు, మనుషులకి అంత బద్ధకమేంటి, తనకీ బద్ధకమే, చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళమని పోయినేడు కంపెనీ నర్సు అంది, వెళ్తానన్నాడు, వెళ్ళడానికి బద్ధకమేనా అది, బద్ధకమైతే ఇంత భయమెందుకు వేస్తుంది, అని అలా కొట్టుకుపోతుంటే పక్కన భార్య స్టూలు కదిలింది. మొహం తిప్పి చూశాడు. ఆవిడ ఏదో అంటోంది. అలవాటుగా తలూపాడు. ఆవిడ ఊరుకోలేదు, వంగి చెవిదగ్గరికి వచ్చింది.

"ఎవరో గీకినట్టు వినిపించింది," అంది. "పాట మధ్యలో. కాగితం మీద గోరుతో. రికార్డు గానీ పాడైందా?"

ఆ గీకు సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అన్నీ చెప్పాడు, ఇది చెప్పలేదు, చెప్పడానికి అదేమంత విషయమని. సంగీతం తెలియదన్న మనిషి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కర్టెన్ గుడ్డ గురించి ఆలోచిస్తున్న మనిషి. రికార్డు పాడైందా అని కంగారుపడుతోంది పైగా. బయటెక్కడో ఏదో చప్పుడై ఉంటుందిలే అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది. పాట ఆగింది, ఆగిందని ఎలా తెలిసిందంటే షాపావిడ ముందుకొచ్చి నిలబడింది. ఏది నచ్చిందండీ అని అడిగింది. రెండోదండీ అన్నాడు, సందేహమే లేదు, ఎంత వివరంగా ఉందండీ, ఇన్నాళ్ళూ ఏం పోగొట్టుకున్నానో ఇప్పుడు తెలిసింది అన్నాడు. ఎక్కువ మాట్లాడుతున్నాడని ఆయనకే తెలుస్తోంది. షాపావిడ ఈయన భార్య వైపు చూసింది, భార్య సంచీలోకి చూసుకుంది. ఆడవాళ్ళిద్దరికీ తెలిసినదేదో తనకి తెలీదు, అప్పుడే అర్థమైంది, ఏంటో మాత్రం అర్థం కాలేదు.

"రెండోది మీదేనండీ," అంది షాపావిడ మెల్లిగా, కానీ మొహం ఎదురుగా పెట్టి. "మీరు ఇంటినుంచి తెచ్చింది. నేను ఎప్పుడూ ఒకసారి అది కూడా కలిపి వినిపిస్తా. పాతదే నచ్చితే కొత్తది అమ్మను. మీ సూదికేం కాలేదు, శుభ్రంగా ఉంది."

చాలామంది ఇక్కడ నవ్వేస్తారనుకుంటా. డబ్బు మిగిలిందని సంబరపడి ఇంటికెళ్తారు. ఈయనా నవ్వబోయాడు, మూతి ఒక పక్కకి వెళ్ళింది, రెండో పక్క రాలేదు. సూదికేం కాలేదు. రికార్డుకేం కాలేదు, వైర్లకేం కాలేదు, సోఫా అక్కడే ఉండొచ్చు. ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి నువ్వా దొంగ, నువ్వా దొంగ అని అడుగుతూ ఏడాది తిరిగాడు, అడిగేవాడిని మాత్రం ఎవరూ అడగలేదు. తేమ లేదు. షెడ్డులో తేమ లేదు, చక్రాలు తడవలేదు, అవన్నీ మోగుతూనే ఉన్నాయి ఇన్నాళ్ళూ, కంగుమని, తేటగా, ఈయన వేలిమీద మోగుతూనే ఉన్నాయి. మోగని చక్రం వచ్చినా అలాగే ఉంటుంది తనకి. ఇవాళ పొద్దుటిది మోగిందా, మోగలేదా? ఎవరికీ తెలీదు. దాన్ని కొట్టింది ఈయన, విన్నవాడు లేడు, గీత మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏం కాలేదు కదా అని ఓ పక్కనుంచి ఎవరో నచ్చచెబుతున్నారు, అవన్నీ లారీ మీంచి పడ్డవా, ఇది పడింది, పడ్డదని తెలిసే ఇచ్చావు, ఎవరికిచ్చావు, దీని తమ్ముడికి, ఈ పక్కన కూర్చున్నదాని తమ్ముడికి ఇచ్చావు, పెళ్ళిలో నీ చెప్పులు దాచి నవ్విన వెధవకి ఇచ్చావు. వాచీ చూసుకున్నాడు. టీ బ్రేక్ అయిపోయింది.

ఫోను తీశాడు, ఒక నంబరు బదులు ఇంకోటి నొక్కాడు, చెరిపి మళ్ళీ నొక్కాడు. అబద్ధం ఒకటి తయారుగా వచ్చి నాలిక మీద కూర్చుంది, సైజు తప్పు ఇచ్చానురా, దించెయ్, రేపు వేరేదిస్తా. ఎంత బావుంది, ఎవరి ముందూ మొహం చెల్లకపోవడం ఉండదు, ఉద్యోగం ఉంటుంది, చెవులాయన చెవులాయనగానే ఉంటాడు. కానీ వాడు చక్రం మీద చీటీ చూస్తాడు, సైజు సరిగ్గానే ఉంటుంది, పిచ్చి బావా అని నవ్వుకుని మళ్ళీ స్విచ్చి వేస్తాడు. అబద్ధం పనికిరాదు, ఇదొక్కచోట పనికిరాదు. అవతల వాడు ఎత్తాడు. షెడ్డు గోలంతా కట్టకట్టి చెవిలో పోసినట్టు ఉంది, ఆ గోలలోంచి, చెప్పు బావా అంటున్నాడని పోల్చుకున్నాడు. చక్రం ఎక్కించావా అని అరిచాడు. ఎక్కించా, తిరుగుతోంది అన్నాడేమో, తిరుగుతోంది అన్న ముక్క దొరికింది.

"ఆపు," అన్నాడు. "ఆపి పక్కకి జరుగు. దాని ముందు నుంచోకు."

ఏమైందని కాబోలు అడిగాడు. గీత ఉంది కదా, నువ్వు కొట్టి చూశావు కదా అంటున్నాడు, అంతే అంటాడు వాడు, ఇంకేం అనగలడు.

"కొట్టానురా. వినపడలేదు. పగిలిందో బాగుందో నాకు తెలీదు. ఏడాదిగా నాకు ఏ చక్రమూ వినపడట్లేదు, అన్నిటికీ గీత పెట్టి ఇచ్చేస్తున్నా. ఆపరా నాయనా."

అనేశాడు. అనేశాక చుట్టూ ఏమీ పడిపోలేదు, షాపావిడ చేతిలో సూది పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఫోను చెవికేసి నొక్కుకున్నాడు, నొప్పెట్టేదాకా. గోల. అదే గోల. అందులో గ్రైండరు కూత ఉందో లేదో, సన్నగా పైపైన ఉంటుంది అది, ఆగిపోయిందో, ఇంకా తిరుగుతోందో, వాడు అసలు విన్నాడో, ఫోను జేబులో పడేసుకుని పని చేసుకుంటున్నాడో. స్విచ్చి తీసినా చక్రం చాలాసేపు తిరుగుతుంది దాని ఊపుకి అది. ఎంత విన్నా ఒకటే మూట. ఇక చేతకాక ఫోను భార్య చేతిలో పెట్టాడు.

"వాడి యంత్రం ఆగిందేమో విను," అన్నాడు. "సన్నగా కూత ఉంటుంది. నాకు తెలియట్లేదు."

చక్రం గురించి ఆవిడకి ఇప్పుడే తెలిసింది, ఈయన మాటల్లోనే, మొహంలో రక్తం లేదు. ఫోను చెవికి పెట్టుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని, నేల చూస్తూ కూర్చుంది. ఈయన ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాడు, ఇంకేం చూడ్డానికి లేదు. పెదవులు బిగబట్టింది. నుదురు ముడిపడింది, ఇంకా ఉంది అన్నట్టు ఓ వేలు ఎత్తింది. ఆ వేలు అలాగే గాల్లో ఉంది. ఎంతసేపని తిరుగుతుంది ఒక రాయి, దానికి అలుపు ఉండదా. వేలు మెల్లిగా కిందికి దిగడం మొదలుపెట్టింది, దిగుతోంది, ఆగింది ఒకచోట, మళ్ళీ దిగింది, చెయ్యి వచ్చి ఒళ్ళో సంచీ మీద వాలింది. ఆవిడ భుజాలు వదులయ్యాయి. కళ్ళనిండా నీళ్ళతో తలెత్తి ఏదో అంది, పెదాలు మాత్రం కదిలాయి.

ఏడాదిగా ఇలాంటప్పుడల్లా తలూపడం అలవాటైన మనిషి, ఊపబోయి ఆగాడు.

"వినపడలేదు," అన్నాడు. "మళ్ళీ చెప్పు."

ఆవిడ చెప్పింది.